ఎద్దు తినని గడ్డి

మండల వ్యర్థ నిర్ధారణాధికారి దంగేటి వామనమూర్తి విధి నిర్వహణలో రాసుకున్న దినచర్య

1. విశాఖ కార్తె, సోమవారం

ఈ ఉదయం సవరపులంకలో ఒక ఇంటి తాటాకు పైకప్పును వ్యర్థంగా నిర్ధారించడమైనది. ఇంటి యజమాని తాను ఆ కప్పు కిందే కాపురం ఉంటున్నట్టు వాదించాడు. కాపురం ఉండటం తినడం కిందికి రాదని వివరించాను.

చట్టంలో వ్యర్థానికి ఒకటే నిర్వచనం. పశువు తిననిది వ్యర్థం. వ్యర్థమంతా ఇంధనశాలకు చెందుతుంది. ఏ పశువు అన్న సందేహానికి తావు లేకుండా మండలానికొక ఎద్దును ప్రభుత్వమే నియమించింది. మాది ప్రామాణిక వృషభం నంబరు ఏడు. దానిని చూసుకునే భద్రం మాత్రం దానిని ‘దొర’ అని పిలుస్తాడు. ఊళ్లవాళ్లకూ అదే అలవాటైంది.

పరీక్ష చాలా సులువు. వస్తువులో గుప్పెడు తీసి దొర ముందు పెడతాము. అధికారి నింపాదిగా మూడుసార్లు ఊపిరి పీల్చి వదలాలి. ఆలోగా దొర నోరు పెట్టకపోతే ఆ వస్తువు వ్యర్థం. నీరసించిన పశువు తప్పుడు ఫలితం ఇవ్వవచ్చు కనుక, పరీక్షకు ముందు దానికి ఉడికించిన ఉలవలు, తవుడు, బెల్లం కలిపి తృప్తిగా పెట్టాలని నియమావళి చెబుతోంది. ఈ జాగ్రత్త వల్ల మా మండలంలో పరీక్షించిన ప్రతి వస్తువూ వ్యర్థమని తేలింది. చేలలోని మోళ్లతో మొదలై, కొబ్బరి పీచు డొక్కలు, తాటాకు పందిళ్లు, చీపుళ్లు, మంచాల నులక, గుమ్మాల మామిడి తోరణాల దాకా దొర దేనినీ ముట్టలేదు. దాని నిష్పక్షపాతానికి ప్రశంసాపత్రం కూడా వచ్చింది. అది కాగితం కనుక తరువాత నిర్ధారణకు లోనైంది.

కప్పు విప్పి లారీకి ఎత్తుతుండగా యజమాని నా దగ్గరికి వచ్చాడు.

“వానొత్తే ఏం చెయ్యమంటారండీ?”

వాన మా శాఖ పరిధిలోకి రాదని చెప్పాను. అతను సంతృప్తి చెందినట్టు కనిపించలేదు.

2. అనూరాధ కార్తె, గురువారం

లంక చివర కడలి మంగతాయారు అనే ఆవిడ పెరట్లో గడ్డిమేటు ఉన్నట్టు సమాచారం అందింది. వెళ్లి చూశాను. మేటు ఉన్నది. నిటారుగా, పొడిగా, పసుపుపచ్చగా ఉన్నది. ఈ డెల్టాలో నిలబడి ఉన్న గడ్డిమేటును చూసి ఎన్నాళ్లయిందో జ్ఞాపకం లేదు.

“మూర్తిగారా? రండి రండి. కూర్చోమందావంటే నులక మీరే అట్టుకెళ్లిపోయారు. నిలబడే మాట్లాడండి,” అన్నది.

ఆవిడ వయసు యాభై దాటి ఉంటుంది. భర్త లేడు. దడి అవతల ఒక గేదె ఉంది. లంకలో మిగిలిన గేదె అదొక్కటే. చూడితో ఉంది. ఈ చలికాలం దాటేలోగా ఈనుతుందట. ఉప్పునీరు ఎక్కని మెరక చేలో పండిన వరి గడ్డిని ఆవిడ దానికోసం దాచింది. గడ్డి పోతే గేదె పోతుంది, గేదెతో పాటు కడుపులోదీ పోతుంది. లంకలోని పసిపిల్లలకు పాలనేవి ఇక ఉండవు. ఇవన్నీ ఆవిడ చెప్పింది. నేను రాసుకున్నాను.

“మా గేదె తింటంది గదండీ. కళ్లెదురుగానే నవుల్తంది. ఇంక వ్యర్థవెక్కడిదండీ?”

“అమ్మా, మీ గేదె ప్రామాణికం కాదు. దానికి నియామకపత్రం లేదు.”

“ఆకలుందండి. చాలదా?”

“ఆకలి వ్యక్తిగత విషయం.”

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

“మీ దొరకి ఉలవలెట్టి తీసుకొత్తారు. పెళ్లిభోజనం చేసొచ్చినోడికి గంజి చూపించి, తాగట్లేదు గాబట్టి పారబొయ్యండంటే ఎలాగండీ? ఓ పూట మాడ్చి తీసుకురండి, చూద్దాం.”

ఖాళీ కడుపుతో పరీక్ష జరిపే వెసులుబాటు నియమావళిలో లేదు. అయినా పౌరుల అభ్యంతరాలను పైకి పంపడం నా విధి. పంపాను. జవాబు వచ్చేవరకు మేటు పరీక్షను వాయిదా వేశాను.

3. జ్యేష్ఠ కార్తె, శనివారం

ఇంధనశాల నుంచి నెలవారీ ప్రకటన వచ్చింది. పైవారు మాతో మాట్లాడే గోడ స్పీకరులో ప్రాంతీయ సంయోజకురాలు హేమనళినిగారు స్వయంగా చదివారు. ఈ నెల ఇంధనశాల స్వయంసమృద్ధి సాధించింది. తయారైన ఇంధనమంతా గడ్డి తెచ్చే లారీలకు సరిగ్గా సరిపోయింది.

చమురు ఓడలు రావడం మానేశాక, డెల్టాలోకి ఎక్కే సముద్రపు నీటిని తోడిపోసే పంపుల కోసమే ఇంధనశాల కట్టారన్నది నిజమే. దగ్గరి ఊళ్లలో గడ్డి అయిపోయింది కనుక లారీలు దూరం వెళ్లవలసి వస్తోంది. దూరం వెళ్లాలంటే ఎక్కువ ఇంధనం కావాలి. ఎక్కువ ఇంధనానికి ఎక్కువ గడ్డి కావాలి. అందువల్ల పంపులకు ఏమీ మిగలలేదు. పంపులు ఆగాయి కనుక తూర్పు చేలలోకి ఉప్పునీరు వచ్చి వరి గింజ కట్టకుండానే ఎండిపోయింది. గింజ లేని వరి పూర్తిగా గడ్డే కనుక ఆ చేలలో దిగుబడి పెరిగినట్టు ప్రకటనలో ఉంది.

కుండ పరిస్థితి మాత్రం బాగాలేదు. ఇంధనశాలలో గడ్డిని పులియబెట్టే పెద్ద ఉక్కు తొట్టెను అందరూ కుండ అంటారు. అందులోని సూక్ష్మజీవులకు మేత తప్పితే అది చల్లారుతుంది. చల్లారిన కుండ మళ్లీ రాజుకోదు. కనుక ప్రతి శాఖా త్యాగానికి సిద్ధపడాలని హేమనళినిగారు కోరారు. మా శాఖ వంతుగా దొర ఉలవలు, తవుడు, బెల్లం ఈరోజు నుంచి కుండకు మళ్లించడమైనది.

ఇది విని భద్రం, “మరి దొరేం తింటాడండీ?” అన్నాడు.

“ఆ విషయం ఉత్తర్వులో లేదు.”

“ఉత్తర్వులో లేపోతే కడుపు ఊరుకుంటాదేటండీ?”

మంగతాయారు అభ్యంతరానికి కూడా జవాబు వచ్చింది. అభ్యంతరం తిరస్కరించబడింది. వచ్చే వారంలోగా పరీక్ష జరపాలి.

రెండు ఉత్తర్వులూ ఒకే కవరులో వచ్చాయి. వాటిని రాసినవారు ఒకరి ఉత్తర్వు ఒకరు చదవలేదని నేను అనను. పక్కపక్క గదులలో ఉండి ఒకరి కాగితం ఒకరు చూడకుండా పనిచేసిన అనుభవం మాత్రం నాకు ఉంది.

4. జ్యేష్ఠ కార్తె, శుక్రవారం

ఈ వారంలో దొర ఆఫీసు గుమ్మం తెరను, ఫైళ్లు కట్టే తాడును, భద్రం తలగుడ్డలో సగాన్ని తిన్నది. ఇవి పరీక్షలు కావు కనుక ఫలితాలు నమోదు చేయలేదు.

ఈరోజు మేటు పరీక్ష. లంకవాళ్లందరూ వచ్చారు. మంగతాయారు మేటు నుంచి గుప్పెడు గడ్డి లాగి నా చేతికిచ్చింది. నేను దానిని దొర ముందు పెట్టి మొదటి ఊపిరి పీల్చబోయాను. పీల్చడం పూర్తి కాలేదు. గుప్పెడూ అయిపోయింది. దొర భద్రం చేతిలోని పలుపు వదిలించుకుని నేరుగా మేటు దగ్గరికి వెళ్లి, అందులో తల దూర్చింది.

“ఒరేయ్, జీతం రాని గుమాస్తా కూడా ఇంత ఆబగా తినడ్రా!” అని ఎవరో అన్నారు.

“దొరగారు సంతకం పెట్టేశారండోయ్!” అని ఇంకొకరు.

నవ్వులు. మంగతాయారు నవ్వలేదు. ఆవిడ దొర వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. “మెల్లగా తిను నాయనా, ఎవరూ అట్టుకెళ్లరు,” అన్నది. మేటులో ఒక పక్క గుంట పడేదాకా ఎవరూ దానిని ఆపలేదు. ఆపడం పరీక్షలో జోక్యం చేసుకోవడమే అవుతుంది.

ఫలితం గడిలో ఏమి రాయాలో ఆలోచించాను. ‘తిన్నది’ అన్న మాటకు బదులు మరో మాట దొరకలేదు. అదే రాసి పంపాను.

5. మూల కార్తె, బుధవారం

హేమనళినిగారు మాట్లాడారు.

“మూర్తిగారూ, ప్రమాణం తప్పు చెప్పదు. ఇది తప్పు చెప్పింది. కాబట్టి ఇది ప్రమాణం కాదు.”

“ఆకలితో తిన్నదండీ.”

“కారణాలు మనకు అనవసరం. మొదటి పరీక్ష రద్దు చేస్తున్నాం. రెండోసారి జరపండి. రెండో పరీక్ష ఫలితమే తుది ఫలితం. దాన్ని నేనూ మార్చలేను, నా పైవారూ మార్చలేరు. కాబట్టి జాగ్రత్తగా జరపండి.”

“ఎద్దును ఏం చేయమంటారు?”

“ప్రమాణం కానప్పుడు అది వస్తువే. వస్తువుకు పద్ధతి ఉంది కదా.”

పద్ధతి ప్రకారం వస్తువులో గుప్పెడు తీసి ప్రామాణిక వృషభం ముందు పెట్టాలి. ఇక్కడ రెండూ ఒకటే కావడం వల్ల పని సులువైంది. భద్రం దొర తోకను పట్టి దాని మూతి ముందుకు తెచ్చాడు. దొర తోకను వాసన చూసింది. నేను ఊపిరి పీల్చి వదిలాను. మళ్లీ పీల్చి వదిలాను. మూడోది పీల్చి, బిగబట్టి నిలబడ్డాను. ‘నింపాదిగా’ అన్న మాటకు చట్టంలో పరిమితి లేదు. కాని మనిషి రొమ్ముకు ఉంది. కాసేపటికి ఊపిరి వదలక తప్పలేదు.

దొర తనను తాను తినలేదు. వ్యర్థంగా నిర్ధారించడమైనది.

లారీ ఎక్కించే ముందు ఇంధనశాల మనిషి ఒక గొట్టం దాని డొక్కకు ఆనించి తేమ శాతం చూశాడు. “పచ్చిగా ఉందండి. అయినా ఫర్లేదు, కలిసిపోద్ది,” అన్నాడు. భద్రం లారీ చెక్క ఎక్కి దొర గంగడోలు దువ్వుతూ, దాని చెవిలో ఏదో చెప్పాడు. ఏమి చెప్పాడని అడిగాను.

“ఉలవలున్న చోటికెల్తన్నావురా అని సెప్పానండి. ఎల్లినయ్యన్నీ అక్కడికే గదండీ. అబద్దవైతే కాదు.”

సాయంత్రం లారీ తిరిగి వచ్చింది. దొర మెడలోని కంచు గంటను వెనక్కి పంపారు. లోహం కుండకు పడదు. దానిని ఎవరికి అప్పగించాలో నియమావళిలో లేదు కనుక నా జేబులో వేసుకున్నాను.

6. పూర్వాషాఢ కార్తె, సోమవారం

ప్రామాణిక వృషభం పోస్టు ఖాళీగా ఉండటం వల్ల పనులు ఆగరాదు. జిల్లాలో నియామకం కాకుండా మిగిలిన ఎద్దు లేదు. కనుక కొత్త నియామకం జరిగేవరకు నిర్ధారణాధికారే ప్రమాణంగా వ్యవహరించాలని ఉత్తర్వు వచ్చింది. అంటే నేను తిననిది వ్యర్థం. ఫలితం తప్పుదోవ పట్టకుండా, పరీక్షకు ముందు అధికారి తృప్తిగా భోంచేయాలి. ఇందుకోసం నగరం నుంచి ప్రత్యేకంగా బియ్యం, కందిపప్పు, నెయ్యి వచ్చాయి.

ఈ వారం రోజుల పనితీరు సంతృప్తికరంగా ఉంది. రెండు వెదురు దడులు, ఒక పేము ఊయల, కొన్ని బుట్టలు నా ముందు పెట్టారు. నేను వేటినీ తినలేదు. నిన్న ఒక పాడెను తెచ్చారు. దాని అవసరం ఇంకా తీరలేదని బంధువులు చెప్పారు. భుజాల మీద మోసుకెళ్లవచ్చని సూచించాను. శవాన్ని గురించి కూడా ఏమైనా ఉత్తర్వు ఉందా అని ఒక ముసలాయన గొంతు తగ్గించి అడిగాడు. ఇంతవరకు లేదన్నాను. అయితే తొందరగా కానిచ్చేద్దాం పదండి అని వాళ్లు వెళ్లిపోయారు.

నేను నెయ్యి వేసుకున్న అన్నం తిని వీధిలోకి వస్తే పిల్లలు నా చేతులు వాసన చూస్తున్నారు. ఇది పరీక్షకు సంబంధించిన విషయం కాదు. ఊరికే రాశాను.

మంగతాయారు మేటుకు రెండో పరీక్ష ఎల్లుండి.

7. పూర్వాషాఢ కార్తె, బుధవారం

నియమం ప్రకారం భోంచేసి వెళ్లాను. అన్నం, కందిపప్పు, నెయ్యి. ఆకలి ఏమాత్రం లేదని నమోదు చేస్తున్నాను. ఈ సంగతి తరువాత ప్రశ్నకు రావచ్చు.

లారీ పెరటి బయట సిద్ధంగా ఉంది. లంకవాళ్లందరూ మళ్లీ వచ్చారు. ఇంజను ఆపలేదు. ఆపితే మళ్లీ స్టార్టు చేయడానికి ఇంధనం వృథా అవుతుందట. దడి ఇప్పుడు లేదు కనుక గేదె మాకు ఎదురుగానే నిలబడి ఉంది. పొట్ట కిందికి జారింది. రేపో మాపో అన్నట్టుంది. మేటు దొర తిన్న గుంటతో అలాగే ఉంది.

“ఇయ్యాల మీరే దొరా?” అన్నది మంగతాయారు.

“తాత్కాలికంగా.”

“అయితే లోపలికి రండి. మా ఇంటికొచ్చి ఏవీ తినకుండా ఎల్లినోళ్లు లేరు. ఇంట్లో ఇదే ఉంది మరి.”

ఆవిడ గడ్డిని కత్తిపీట మీద సన్నగా తరిగి, స్టీలు కంచంలో పెట్టి, పక్కన చిటికెడు ఉప్పు వేసి, చెంబుతో నీళ్లు పెట్టింది. చేతులు కడుక్కోవడానికి వేరే నీళ్లు పోసింది. గుప్పెడు గడ్డిని ఎలా సమర్పించాలో నియమావళి నిర్దేశించలేదు కనుక అభ్యంతరం చెప్పలేదు. పెరటి గుమ్మానికి ఎదురుగా, కంచం ముందు కింద కూర్చున్నాను. ఆవిడ నా ఎదుట, అతిథికి వడ్డించే మనిషి కూర్చున్నట్టే కూర్చుంది.

“ఓ మాట చెప్పనా మూర్తిగారూ? మీరు తినకపోయినా నేనేవీ అనుకోనండి. దొరని ఏం చేశారో ఊరంతా చూసింది. మీకూ ఇల్లూ వాకిలీ ఉంటాయి గదా.”

మొదటి ఊపిరి పీల్చి వదిలాను. గేదె పెరట్లోంచి కంచం వైపు చూస్తోంది. రెండో ఊపిరి పీల్చి వదిలాను. కాలు సర్దుకోబోతే జేబులో గంట ఒక్కసారి మోగింది. గేదె చెవులు నిక్కించింది.

తిన్నాను.

రుచి గురించి నియమావళి అడగదు. గొంతు గీరుకుపోయిందని, నీళ్లు తాగవలసి వచ్చిందని మాత్రం రాస్తున్నాను. భద్రం గుమ్మంలో నిలబడి తల పట్టుకున్నాడు.

“బాబుగారూ, వొద్దండీ... ఉమ్మేయండి బాబుగారూ, ఎవరూ సూడలేదు!”

“ఊరంతా చూసింది భద్రం.”

“ఇంకొంచెం వెయ్యమంటారా?” అని మంగతాయారు అడిగింది. ఆవిడ కళ్లు తడిగా ఉన్నాయి గాని, చెయ్యి అప్పుడే మరో గుప్పెడు గడ్డి అందుకుంది.

“వేయండి,” అన్నాను. సందేహానికి తావు ఉండకూడదు.

ఫలితం: పశుగ్రాసం. ఇది రెండో పరీక్ష కనుక తుది ఫలితం. లారీ ఖాళీగా వెళ్లిపోయింది.

8. ఉత్తరాషాఢ కార్తె, ఆదివారం

నిన్న హేమనళినిగారు మాట్లాడారు. నా సేవలను శాఖ ఎప్పటికీ మరిచిపోదన్నారు. కడుపు నిండి ఉండగా గడ్డి తిన్న అధికారి ప్రమాణం కాలేడన్నారు. ప్రమాణం కానప్పుడు ఏమవుతుందో నాకు చెప్పవలసిన అవసరం లేదని కూడా అన్నారు. భద్రాన్ని తాత్కాలిక నిర్ధారణాధికారిగా నియమించారు. లారీ ఈ ఉదయం వస్తుంది. వెంట సామాను తెచ్చుకోనవసరం లేదు.

తెల్లవారగానే మంగతాయారు వచ్చింది. చేతిలో మూత పెట్టిన గిన్నె. అందులో జున్ను.

“రాత్రి ఈనిందండి. మొదటి జున్ను మీకే. తల్లీ పిల్లా బాగున్నారు. మేటు దగ్గరే కట్టేశాను, పడుకునే తింటంది మారాణి.”

అక్కడే నిలబడి తిన్నాను. మిరియాలు, బెల్లం వేసి వండింది. బెల్లం ఎక్కడిదని అడగలేదు. ఆవిడా చెప్పలేదు. ఇచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగి పంపకూడదు. నా ఆఫీసులో మిగిలినదంతా చూశాను. గడ్డిగాని, కాగితంగాని కానిది ఒక్కటే ఉంది. జేబులోంచి దొర గంట తీసి గిన్నెలో వేశాను.

“దూడ మెడలో కట్టండి. లోహం కనుక ఎవరూ తీసుకెళ్లరు.”

ఆవిడ గిన్నెను కొంగు కింద పెట్టుకుంది. నాకొక అనుమానం వచ్చింది. గేదె పిల్ల అయినా, ఎద్దులు దొరకని ఈ రోజుల్లో, మగదైతే ఖాళీ పోస్టు గురించి ఎవరికైనా ఆలోచన రావచ్చు.

“ఏ దూడ?”

“పెయ్యండి.”

పెయ్య. నియామక నిబంధనల ప్రకారం ప్రమాణం పోస్టుకు అనర్హురాలు. ఈ ఉద్యోగంలో ఇంత మంచి వార్త నేను వినలేదు.

లారీ వచ్చింది. ఇంధనశాల మనిషి తేమ చూసే గొట్టం తుడుచుకుంటున్నాడు. పద్ధతి ప్రకారం నా ఎడమ చేతిని నా ముందు బల్ల మీద పెట్టుకోమన్నారు. పెట్టుకున్నాను. కుడి చేత్తో ఇది రాస్తున్నాను. నేను నా చేతిని తినబోవడం లేదని అందరికీ తెలుసు. అయినా పద్ధతి పద్ధతే.

భద్రం బల్లకు అటువైపు నిలబడ్డాడు. కొత్త అధికారి కనుక పొద్దున్నే నెయ్యి అన్నం పెట్టించారు. ముట్టుకున్నట్టు లేదు. నా వైపు చూడటం లేదు. మొదటి ఊపిరి పీల్చి వదిలాడు. రెండోది చాలాసేపు పీల్చాడు. అదీ వదిలాడు.

మూడోది పీల్చాడు. ముఖం కందగడ్డలా అయింది. మెడ నరాలు ఉబ్బాయి. ఇంధనశాల మనిషి, “కానీండి సార్, బండిలో ఇంధనం కాలతంది,” అంటున్నాడు. భద్రం పెదవులు బిగించి తల అడ్డంగా ఊపుతున్నాడు.

ఇంకా వదలలేదు. వదిలేంతవరకు నేను విధుల్లో ఉన్నట్టే లెక్క.